అరగంట ఆపరేషన్, 12 గంటల కాపలా

గజ్జల్లో హెర్నియా ఉన్న పసిబిడ్డకు ఆపరేషన్ అంటే అరగంట, మహా అయితే ముప్పావుగంట పని. చిన్న కోత, రెండు మూడు కుట్లు. రక్తం పెద్దగా పోదు. నెలలు నిండి పుట్టిన ఎనిమిది నెలల బిడ్డయితే పొద్దున చేసి సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు. అదే ఆపరేషన్, అదే మత్తు, కాకపోతే బిడ్డ ఏడో నెలలో పుట్టి ఇప్పటికి మూడు నెలలవాడు అనుకోండి. అప్పుడు మత్తు డాక్టరు ముందే చెప్పేస్తారు: ఈ రాత్రికి ఇక్కడే ఉండాలి, 12 గంటలు ఏ తేడా లేకుండా గడిస్తేనే ఇంటికి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇది మింగుడుపడదు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, వాడు పాలు తాగాడు, ఉచ్చ పోశాడు, మరి ఇంకా ఈ వైర్లెందుకమ్మా అని అమ్మమ్మ నర్సును అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆపరేషన్ ఎంత పెద్దదన్న దాంట్లో లేదు. బిడ్డ పుట్టిన వారంలోనూ, 20 సెకన్లలోనూ ఉంది.

పసిపిల్లలు నిద్రలో ఊపిరి సమానంగా తీసుకోరు. నాలుగు సార్లు గబగబా పీల్చి, ఐదారు సెకన్లు ఆగి, మళ్లీ మొదలుపెడతారు. అది మామూలే. ఆ ఆగడం 20 సెకన్లు దాటినా, అంతకన్నా తక్కువసేపే అయినా గుండె వేగం పడిపోయి ఒళ్లు నీలంగా మారినా దాన్ని ఆప్నియా అంటారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు మత్తు ఇచ్చాక రాగల పెద్ద ముప్పు ఇదే. ఇది ఆపరేషన్ బల్ల మీదే వస్తే పక్కనే మత్తు డాక్టరు ఉంటారు. కానీ గంటల తర్వాత వార్డులో, అందరూ గండం గడిచిందనుకుని కాస్త నడుం వాల్చినప్పుడు కూడా వస్తుంది.

వారాల లెక్క ముందు తేల్చుకుందాం, మిగతా అంకెలన్నీ దాని మీదే నిలబడ్డాయి. కాన్పుకు పూర్తి గడువు 40 వారాలు, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్క. మన పెద్దవాళ్ల తొమ్మిది నెలల తొమ్మిది రోజులను రోజుల్లోకి మారిస్తే సుమారు 283 వస్తుంది. డాక్టర్ల 40 వారాలు 280 రోజులు. మూడు రోజుల తేడాతో రెండూ ఒకటే. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డ నెలలు నిండని బిడ్డ. మత్తు డాక్టరు చూసే వయసు ఇంకొకటి ఉంది: కడుపులో గడిపిన వారాలకు బయట గడిపిన వారాలు కలిపితే వచ్చే మొత్తం. 29 వారాలకు పుట్టి 13 వారాలైన బిడ్డ మొత్తం వయసు 42 వారాలు. తల్లి లెక్కలో వాడికి మూడు నెలలు నిండాయి. మత్తు డాక్టరు లెక్కలో మాత్రం గడువు తేదీ దాటి రెండు వారాలే అయిన పసికందు.

ఇక్కడే ఇళ్లలో చెప్పే లెక్క ఇబ్బంది పెడుతుంది. ఏడో నెలలో పుట్టాడు అన్నప్పుడు ఏడో నెల పడిందా, నిండిందా? పడ్డాక అయితే 26 వారాలు కావచ్చు, నిండుతుండగా అయితే 30. నెలకు నాలుగే వారాలని లెక్కవేసే ఇళ్లలో ఇది ఇంకో రెండు వారాలు జరుగుతుంది. పిల్లవాడి కథ చెప్పుకోవడానికి ఆ తేడా ఏమీ కాదు గానీ, మత్తు ఇచ్చేటప్పుడు నాలుగు వారాలంటే వార్డుకూ ఇంటికీ ఉన్నంత తేడా. అందుకే కాన్పు ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, తొలి నెలల్లో తీసిన స్కానింగ్ రిపోర్టు, తల్లీబిడ్డల కార్డు ఆపరేషన్ రోజున చేతిలో ఉండాలి. ఏడో నెల పిల్లలు బతుకుతారు, ఎనిమిదో నెల పిల్లలు దక్కరు అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. తప్పు మాట. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే, ఎనిమిదో నెల అందుకు మినహాయింపు కాదు.

2020లో ప్రపంచంలో సుమారు 1.34 కోట్ల మంది పిల్లలు 37 వారాల కంటే ముందే పుట్టారని అంచనా. అందులో 30 లక్షల పైచిలుకు మన దేశంలోనే, ఇక్కడి పుట్టుకల్లో వందకు 13. అంటే ప్రపంచంలో ఐదుగురు నెలలు నిండని పిల్లల్లో ఒకరికి మించి మనవాళ్లే. సుల్తాన్ బజార్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి లాంటి చోట ఇది రోజూ కళ్ల ముందు కనిపించే లెక్క. అక్కడి నుంచి అబిడ్స్, నాంపల్లి మీదుగా కొద్ది దూరం వెళ్తే రెడ్‌హిల్స్‌లో 1953 నుంచి ఉన్న నిలోఫర్ ఆసుపత్రి. బరువు చాలని, ఊపిరందని పసికందులతో తెలంగాణ జిల్లాల నుంచి జనం వచ్చేది అక్కడికే.

వీళ్లకే హెర్నియాలు ఎందుకెక్కువ? మగబిడ్డ వృషణాలు కడుపులోంచి కిందికి దిగే దారి చివరి వారాల్లో మూసుకోవాలి. బిడ్డ తొందరపడి వస్తే ఆ దారి తెరిచే ఉండిపోతుంది, అందులోకి పేగు జారుతుంది. నెలలు నిండినవాళ్లలో వందకు ఒకరి నుంచి ఐదుగురికి వచ్చే హెర్నియా, బాగా ముందు పుట్టినవాళ్లలో పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా వస్తుంది. జారిన పేగు ఇరుక్కుంటే గంటల మీద ప్రమాదం. అంటే మత్తు ఎవరికి ఎక్కువ ముప్పో ఆపరేషన్ అవసరం కూడా వాళ్లకే ఎక్కువ. కంటి రెటీనా జబ్బుకు లేజర్ చేయించుకునేదీ ఈ పిల్లలే, చాలాసార్లు ఇదే వయసులో.

ఊపిరి ఆగడానికి కారణం ఒకటి కాదు. మెదడు కింది భాగంలో ఊపిరిని నడిపే కేంద్రం చివరి నెలల్లో పదునెక్కుతుంది. పెద్దవాళ్లలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగితే చాలు, ఆ కేంద్రం ఊపిరి వేగం పెంచుతుంది. నెలలు నిండని బిడ్డలో ఆ స్పందన మందం. ఆక్సిజన్ తగ్గితే పెద్దవాళ్లు ఎక్కువగా పీలుస్తారు. ఈ బిడ్డ ఒక నిమిషం అలాగే పీల్చి, తర్వాత చల్లబడిపోయి ఊపిరి తగ్గించేస్తాడు. సరిగ్గా కావలసినప్పుడు చేయి ఎత్తేసే ఏర్పాటు ఇది. దానికి మత్తు మందు తాలూకు శేషం తోడవుతుంది. మేలుకున్నట్టే కనిపిస్తాడు, పాలు తాగుతాడు. కానీ ఊపిరి కేంద్రాన్ని తొక్కిపట్టడానికి ఒంట్లో మిగిలిన ఆ కాస్త మందే చాలు.

కండరాలదీ అదే కథ. ఊపిరి పీల్చే ప్రధాన కండరమైన డయాఫ్రంలో అలసట తెలియని రకం పోగులు పెద్దవాళ్లలో సగానికి పైగా ఉంటాయి, నెలలు నిండిన శిశువులో పాతిక శాతం, నెలలు నిండనివాళ్లలో పది శాతమే. పక్కటెముకలు మెత్తన, గట్టిగా పీల్చబోతే ఛాతీయే లోపలికి పోతుంది. నిల్వ కూడా తక్కువ. కిలో బరువుకు నిమిషానికి పెద్దవాళ్లు 3 నుంచి 4 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడితే, శిశువు 6 నుంచి 8 వాడతాడు. ఊపిరితిత్తుల్లో దాచుకున్నది చిన్నది, ఖర్చు రెట్టింపు. మనం ముప్పై సెకన్లు ఊపిరి బిగపట్టినా ఏమీ కాదు. మూడు కిలోల ఈ బిడ్డకు ఆ ముప్పై సెకన్లలో పెదాలు నల్లబడతాయి, గుండె నెమ్మదిస్తుంది.

మత్తులో ఉన్న మనిషిని కాపాడాలంటే ఊపిరి చూడాలా, నాడి చూడాలా? ఈ వాదన సుల్తాన్ బజార్‌కు కొత్త కాదు. ప్రపంచమంతా చెవి ఒగ్గి విన్న వాదన, నడిచింది ఈ పరిసరాల్లోనే.

అప్పట్లో సుల్తాన్ బజార్ పేరు రెసిడెన్సీ బజార్. ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఉన్న కోఠి భవనంలో బ్రిటిష్ రెసిడెంటు ఉండేవాడు. ఆ రెసిడెన్సీ సర్జన్ పేరు ఎడ్వర్డ్ లారీ. ఎడిన్‌బరోలో చదివినవాడు. అక్కడి గురువులు నేర్పిన సూత్రం ఒకటే: క్లోరోఫాం అనే మత్తు మందు ఇస్తున్నప్పుడు ఊపిరి మీదే కన్నుండాలి, నాడి పట్టుకుని కూర్చోనక్కర్లేదు. లండన్ వైద్యులు ఒప్పుకోలేదు, క్లోరోఫాం నేరుగా గుండెను ఆపుతుందన్నారు. 1888లో లారీ హైదరాబాద్‌లో ఒక క్లోరోఫాం కమిషన్ నడిపి తన మాటే నిజమన్నాడు. లండన్ పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అయితే మీ మనిషినే పంపండి, ఖర్చు మాది అని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లు ఇచ్చాడు. లాన్సెట్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. 1889 చివరి నెలల్లో కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. గుండె వాదంతో దిగిన బ్రంటన్ మనసు మార్చుకున్నాడు. ముందు ఆగేది ఊపిరే, గుండె ఆ తర్వాతే అని కమిషన్ తేల్చింది.

ఆ తీర్పు పూర్తిగా నిలవలేదు. మత్తు పలచగా ఉన్నప్పుడే క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి హఠాత్తుగా చంపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లుల మీద చూపించాడు. లండన్ వాళ్ల భయమూ ఉత్తది కాదన్నమాట. అయినా మత్తు ఇచ్చే మనిషి చూపు రోగి ఛాతీ మీద నుంచి కదలకూడదన్న అలవాటు హైదరాబాద్‌లో బలంగా నాటుకుంది. ఆ అలవాటులో పెరిగినవారే రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన ఐదుగురు స్త్రీలలో ఒకరు, పార్సీ ఇంటి ఆడపడుచు. 1889లో చదువు ముగించి రెసిడెన్సీ ఆసుపత్రిలో, అంటే తర్వాత సుల్తాన్ బజార్ ఆసుపత్రి అయినచోట, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, విక్టోరియా జనానా ఆసుపత్రిలో ఏళ్ల తరబడి క్లోరోఫాం ఇచ్చారు. 1909లో పైచదువుకు ఎడిన్‌బరో వెళ్లివచ్చారు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చాలామంది లెక్కిస్తారు. 

నెలలు నిండని బిడ్డ దగ్గర లారీ చెప్పిన వరుస అక్షరాలా నిజం. ముందు ఊపిరి ఆగుతుంది, తర్వాత ఆక్సిజన్ పడిపోతుంది, ఆ తర్వాత గుండె నెమ్మదిస్తుంది. అయితే ఊపిరిని మాత్రమే చూస్తే ఇక్కడ మోసపోతాం. ఆప్నియాలో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో మెదడు ఆజ్ఞే ఇవ్వదు, ఛాతీ కదలదు. రెండోదాంట్లో మెదడు ఆజ్ఞ ఇస్తుంది, ఛాతీ ఎగసిపడుతుంది, కానీ గొంతు మూసుకుపోయి గాలి మాత్రం లోపలికి పోదు. చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి. ఛాతీకి అతికించిన వైర్లు లెక్కపెట్టేది ఛాతీ కదలికను, గాలిని కాదు. రెండో రకం వచ్చినప్పుడు ఆ తెర మీద నిమిషానికి 40 శ్వాసలని నిశ్చింతగా చూపిస్తూనే ఉంటుంది. అప్పుడు నిజం చెప్పేది పాదానికి చుట్టిన ఎర్ర దీపం, 1974లో జపాన్ ఇంజనీరు తకువో అవొయాగి కనిపెట్టిన పల్స్ ఆక్సిమీటర్. దాని పక్కన ఈసీజీ గుండె వేగం. లండన్ పక్షం అడిగిన నాడి, హైదరాబాద్ పక్షం అడిగిన ఊపిరి, ఇద్దరి దగ్గరా లేని ఆక్సిజన్ అంకె, మూడూ ఒకే తెర మీద ఉంటే తప్ప ఈ బిడ్డకు కాపలా సరిగ్గా జరగదు.

ఈ ముప్పు ఎంత పెద్దదో కొలవడం 1980లలో మొదలైంది. టొరంటోలో డేవిడ్ స్టీవార్డ్ 1982లో చిన్న ఆపరేషన్లు అయిన పసిపిల్లలను రెండు జట్లుగా పోల్చి చూశాడు. నెలలు నిండనివాళ్లు 33 మంది, నిండినవాళ్లు 38 మంది. మొదటి జట్టులో మూడో వంతు మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. ఊపిరి ఆగడం ఒక్కటే 18 శాతంలో. రెండో జట్టులో మొత్తం ఇబ్బందులు మూడు శాతం లోపే. 1987లో కర్త్ బృందం కళ్లతో చూడటం మానేసి యంత్రంతో రాత్రంతా రికార్డు చేస్తే 37 శాతంలో దీర్ఘమైన ఆప్నియా బయటపడింది, కొందరిలో మొదటిసారి ఆగడమే ఆపరేషనైన 12 గంటలకు. ఇప్పటికీ వార్డుల్లో వినపడే 12 గంటల మాటకు మూలం ఇలాంటి గమనింపులే.

2015లో అచ్చైన గ్యాస్ (GAS) అనే అధ్యయనం దగ్గరికి వస్తే అంకె ఒక్కసారిగా పడిపోతుంది. ఏడు దేశాల్లోని 28 ఆసుపత్రుల్లో 722 మంది పిల్లలను చూస్తే 12 గంటల్లో ఆప్నియా వచ్చింది పూర్తి మత్తు ఇచ్చినవాళ్లలో 4 శాతంలో, మెలకువగా ఉంచి నడుము కింద మాత్రమే తిమ్మిరెక్కించినవాళ్లలో 3 శాతంలో. 37 ఎక్కడ, 4 ఎక్కడ? ముప్పై ఏళ్లలో పిల్లలు మారలేదు. మత్తు మందులు మారాయి, పాత హాలోథేన్ పోయి త్వరగా దిగిపోయే సీవోఫ్లూరేన్ వచ్చింది. లెక్క కూడా మారింది. కర్త్ చూసింది నెలలు నిండనివాళ్లను మాత్రమే, అదీ యంత్రం రికార్డుతో. గ్యాస్‌లో నెలలు నిండిన పిల్లలు చాలామంది ఉన్నారు. అందువల్ల ఆ 4 శాతాన్ని చూసి ఊరట పడకూడదు. ఆప్నియా వచ్చినవాళ్లలో 96 శాతం మంది నెలలు నిండనివాళ్లే అని అదే అధ్యయనం చెబుతోంది. సగటు అంకె అందరి మీదా సమానంగా పడదు. ఆ ఏడు దేశాల్లో మన దేశం లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మత్తుతో పిల్లవాడి తెలివి మందగిస్తుందేమోనన్న భయానికి మాత్రం గ్యాస్ మంచి జవాబిచ్చింది. ఐదేళ్ల వయసులో ఆ పిల్లలకు తెలివి పరీక్ష పెడితే మెలకువగా ఉంచినవాళ్ల సగటు 99.08, సుమారు గంటసేపు పూర్తి మత్తులో ఉన్నవాళ్ల సగటు 98.97. తేడా లేదనే అనాలి.

ఏ బిడ్డను ఉంచాలి, ఎవరిని పంపాలి అన్న గీత గీయడానికి ఇప్పటికీ ఎక్కువగా చూసేది 1995లో చార్లెస్ కోటే బృందం చేసిన లెక్క. నాలుగు ఆసుపత్రుల ఎనిమిది అధ్యయనాలను కలిపి హెర్నియా ఆపరేషన్ అయిన 255 మందిని తీసుకున్నారు. తేలింది ఇది: 35 వారాలకు పుట్టిన బిడ్డ ముప్పు 5 శాతం కంటే తగ్గిందని గట్టిగా చెప్పాలంటే మొత్తం వయసు 48 వారాలు రావాలి, అంటే పుట్టాక 13 వారాలు. ఒక శాతం లోపుకు రావాలంటే 54 వారాలు. 32 వారాలకే పుట్టినవాడైతే ఆ ఒక శాతానికి 56 వారాలు, అంటే పుట్టాక 24 వారాలు, ఐదున్నర నెలలు. ఎంత ముందు పుడితే బాకీ తీరడానికి అంత ఎక్కువ కాలం. 5 శాతమంటే ఇరవైమందిలో ఒకరు. ఊపిరి ఆగే జబ్బుకు అది తక్కువ అంకె అనుకునే తల్లిదండ్రులు నాకెవరూ తగల్లేదు. చాలా ఆసుపత్రులు 46 వారాల లోపువాళ్లను తప్పకుండా ఉంచుతాయి, 46 నుంచి 60 మధ్య బిడ్డ ఆరోగ్యం చూసి తేలుస్తాయి. 60 దాకా అందరినీ ఉంచేవీ ఉన్నాయి. గీత ఎక్కడ గీయాలన్నది అంకెల పని కాదు, ఎంత ముప్పును భరిస్తామన్న నిర్ణయం.

కోటే లెక్కలో వయసుతో సంబంధం లేకుండా నిలిచిన ముప్పు ఇంకొకటుంది, రక్తం తక్కువ కావడం. వెల్‌బోర్న్ బృందం 1991లో చూస్తే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 30 కంటే తక్కువున్న ఐదుగురిలో నలుగురికి ఆప్నియా వచ్చింది, 30 ఆ పైనున్న 19 మందిలోనూ నలుగురికే. 80 శాతం, 21 శాతం. హెమటోక్రిట్ 30 అంటే హిమోగ్లోబిన్ సుమారు 10. చిక్కేమిటంటే నెలలు నిండని పిల్లలకు పుట్టిన నెలా రెండు నెలలకు హిమోగ్లోబిన్ దానంతటదే 10 కంటే కిందికి దిగుతుంది. హెర్నియా బయటపడే రోజులూ అవే. రక్తం ఎక్కించి ఆపరేషన్ చేయడం దీనికి మందు కాదు. తొందరలేని ఆపరేషనైతే ఐరన్ చుక్కలు వేసి కొన్ని వారాలు ఆగడం నయం. తప్పనిసరైతే ఆ బిడ్డ ఎన్ని వారాలవాడైనా రాత్రి కాపలా పెట్టాల్సిందే.

కాఫీలో ఉండే కెఫీన్ ఈ పిల్లలకు మందు. ఊపిరి కేంద్రాన్ని తట్టి లేపుతుంది. వెల్‌బోర్న్ 1989లో కిలోకు 10 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చిన తొమ్మిది మందిలో ఒక్కరికీ దీర్ఘ ఆప్నియా రాలేదు, ఇవ్వని 11 మందిలో 8 మందికి వచ్చింది, అదీ ఆపరేషనైన 4 నుంచి 6 గంటల మధ్య. ఆ మోతాదు 60 కిలోల మనిషికైతే 600 మిల్లీగ్రాములు, ఒకేసారి ఆరు కప్పుల కాఫీ. మన ఒంట్లో కెఫీన్ సగం కరగడానికి ఐదారు గంటలు చాలు, పసికందు ఒంట్లో మూడు నాలుగు రోజులు పడుతుంది. ఒక్క డోసు ఆ రాత్రంతా కాపలా కాయగలిగేది అందుకే. చీటీలో ఒక మెలిక ఉంది. దొరికేది కెఫీన్ సిట్రేట్, అందులో సగమే కెఫీన్. పరిశోధన చెప్పిన 10 కావాలంటే సిట్రేట్ 20 ఇవ్వాలి. ఈ రెండు అంకెలు తారుమారైతే డోసు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది.

వెన్నుకు ఇంజెక్షన్ ఇచ్చి, పూర్తి మత్తు లేకుండా చేయడం ఇంకో దారి. 1990లో వెల్‌బోర్నే చూపించింది: వెన్ను ఇంజెక్షన్ మాత్రమే ఇచ్చిన 11 మందిలో ఆప్నియా సున్నా. పూర్తి మత్తు ఇచ్చిన 16 మందిలో 5. ఆ వెన్ను ఇంజెక్షన్‌తో పాటు కదలకుండా ఉండేందుకు కెటమిన్ కూడా ఇచ్చిన తొమ్మిది మందిలో ఏకంగా 8. బిడ్డ ఏడుస్తున్నాడని కాస్త నిద్రమందు కలిపితే మొత్తం లాభం పోయి ఎదురు నష్టమన్నమాట.

పదకొండులో సున్నా, తొమ్మిదిలో సున్నా అంటే వినడానికి బాగుంటుంది. ముప్పు లేనే లేదని దానర్థం కాదు. 11 మందిలో ఎవరికీ రాలేదన్న ఒక్క ఆధారంతో అసలు ముప్పు 24 శాతం దాకా ఉండవచ్చు, తొమ్మిది మందైతే 28 శాతం దాకా. తక్కువ మందిలో తేలిన సున్నాకు ఉన్న బలం అంతే. అందుకే వెన్ను ఇంజెక్షన్ అయినా, కెఫీన్ ఇచ్చినా కాపలా తీసెయ్యరు. గ్యాస్ కూడా అదే చెప్పింది. మొదటి అరగంటలో ఆప్నియా వెన్ను పద్ధతిలో 1 శాతం, పూర్తి మత్తులో 3 శాతం. అరగంట దాటాక రెండింటిలోనూ 2 శాతమే.

వయసు పెరిగేదాకా ఆగితే సరిపోదా? 2024లో అమెరికాలోని 39 ఆసుపత్రుల అధ్యయనం ఈ ప్రశ్నే అడిగింది. పుట్టిన ఆసుపత్రి నుంచి ఇంటికి పంపకముందే హెర్నియా ఆపరేషన్ చేసిన పిల్లల్లో 28 శాతానికి ఏదో ఒక తీవ్రమైన ఇబ్బంది వచ్చింది, మొత్తం వయసు 55 వారాలు దాటేదాకా ఆగినవాళ్లలో 18 శాతానికి. పైగా ఆగినవాళ్లలో తొమ్మిదో వంతు మందికి హెర్నియా దానంతటదే సర్దుకుంది. అయితే ఆగడం ఊరికే జరిగే పని కాదు. గజ్జల్లో ఉబ్బు గట్టిపడి, బిడ్డ ఆపకుండా ఏడుస్తూ పచ్చగా వాంతి చేసుకుంటే గంటలో సర్జన్ ఉన్న ఆసుపత్రికి చేరగలగాలి. కోఠిలో ఉన్నవాళ్లకు అది కుదురుతుంది. ఆసిఫాబాద్ తండాలో ఉన్నవాళ్లకు కుదరదు. ఒకే అధ్యయనం ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వలేదు.

ఇక రాత్రి వార్డులో జరిగేది పెద్ద వైద్యమేమీ కాదు. ఒళ్లు చల్లబడకుండా చూడటం, చల్లబడితే ఊపిరి ఇంకా మందగిస్తుంది. పాలు లేకుండా ఎక్కువసేపు మాడ్చకుండా చూడటం, తల్లిపాలైతే ఆపరేషన్‌కు నాలుగు గంటల ముందు దాకా ఇవ్వవచ్చు. నొప్పికి పారాసిటమాల్, మార్ఫిన్ జాతి మందులు వీలైనంత దూరంగా. మెడ ముందుకు వాలకుండా పడుకోబెట్టడం. అలారం మోగితే ముందు బిడ్డను చూడాలి, తర్వాతే తెరను. చాలా ఆప్నియాలు పాదం మీద తట్టినా, వీపు రుద్దినా తీరిపోతాయి. అలా కాకపోతే మాస్కుతో గాలి ఇవ్వాలి, అందుకు సరిపడే చిన్న మాస్కు, బ్యాగు మంచం పక్కనే ఉండాలి, ఇవ్వడం తెలిసిన మనిషి పిలుపందే దూరంలో ఉండాలి. వైర్లు తగిలించి పట్టించుకునే మనిషి లేకపోతే అది కాపలా కాదు. తల్లి పక్కన ఉండటం మంచిదే, పాలివ్వడానికి, ఒంటి వెచ్చదనానికి. కానీ కాపలా బాధ్యత ఆమె మీద పెట్టకూడదు. ఆమె నిద్రపోతుంది, పోవాలి కూడా.

రాత్రి రెండింటికి ఒకసారి ఊపిరి ఆగిందనుకుందాం, పాదం తట్టగానే సర్దుకుంది. 12 గంటల గడియారం అక్కడినుంచి మళ్లీ సున్నాతో మొదలవుతుంది. ఆపరేషన్ గంట నుంచి కాదు, ఆఖరి ఆప్నియా గంట నుంచి. పొద్దున్నే ఇంటికి పోవచ్చనుకున్న కుటుంబానికి ఇది మధ్యాహ్నం దాకా పొడిగింపు, ఇంకోటి వస్తే ఇంకో రోజు. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే చెబితే గొడవలుండవు, ఆటోవాడికి డబ్బులిచ్చి పంపించాక చెబితే ఉంటాయి.

తేదీ తీసుకునేటప్పుడే మొత్తం వారాల వయసు చెబితే కలిసొచ్చే లాభం ఇంకొకటి ఉంది. ఇలాంటి బిడ్డను రోజులో మొదటి కేసుగా పెడతారు. ఎనిమిదింటికి మొదలై తొమ్మిదింటికి ముగిస్తే, వెల్‌బోర్న్ పిల్లల్లో ఊపిరి ఆగిన ఆ 4 నుంచి 6 గంటల గడువు మధ్యాహ్నం ఒంటిగంట, మూడు మధ్య పడుతుంది. డాక్టర్లు, సిస్టర్లు అందరూ ఉండే వేళ అది. మధ్యాహ్నం మూడింటికి ముగిస్తే అదే గడువు రాత్రి ఏడు, తొమ్మిది మధ్య, డ్యూటీ మారే వేళలో పడుతుంది.